కొర్లగుంటలో చేయి తిరిగిన పనిమంతుడు: గాలపు కర్రల మరమ్మతు, తయారీ

తిరుపతిలో గాలపు కర్ర విరిగితే కొత్తది కొనుక్కోమనేవాళ్లే ఎక్కువ. సరిగ్గా బాగుచేసి ఇచ్చేవాళ్లు దొరకరు. కొర్లగుంటలో ఒక సందులో, బోర్డు కూడా లేని ఇంటి ముందుగదిలో ఒకాయన ఆ పని చేస్తున్నారు. మరమ్మతులే కాదు, మన ఎత్తుకు, చేతివాటానికి తగినట్లు కొత్త కర్రలు కూడా కట్టి ఇస్తారు. ఒక్కరే చేసుకునే పని కాబట్టి రద్దీ పెరిగితే నాణ్యత చెడుతుందని, తన పేరు రాయవద్దని కోరారు. అందుకే రాయడం లేదు. గాలాలు, రీళ్లు అమ్మే దుకాణాల్లో "నగరి ఆయన ఎక్కడుంటారు" అని అడిగితే ఇల్లు చూపిస్తారు.

నేను విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. పనిముట్టు మీద ప్రాణం ఆధారపడే ఉద్యోగం అది. దాన్ని ఎవరు బాగుచేశారు, ఎలా బాగుచేశారు అన్నది నేను పట్టించుకోకుండా వదిలేసే విషయం కాదు. అందుకే ఆ గదిలో చూసినదంతా కాస్త వివరంగా రాస్తున్నాను.

నా కర్ర 9 అడుగులది, కార్బన్‌ది, రెండు ముక్కలుగా విడదీసి మోసుకెళ్లేది. మా అబ్బాయి కువైట్ నుంచి వస్తూ తెచ్చాడు. పిచ్చాటూరు దగ్గర అరణియార్ జలాశయంలో, చేపల హక్కు ఉన్నవారిని అడిగి గాలం వేసిన రోజున, 2 కిలోలు కూడా తూగని బొచ్చె పడింది. దాన్ని ఒడ్డుకు తెస్తుండగా పై ముక్క మధ్యలో ఫట్‌మని విరిగింది. ఊళ్లోనే ఒక దుకాణంలో ఇస్తే బోలులో ఇనుప ఊచ దూర్చి, క్షణాల్లో పట్టే జిగురు పోసి, పైన టేపు చుట్టి ఇచ్చారు. మొదటి విసురుకే ఊచ కొస దగ్గర మళ్లీ విరిగింది. ఆ స్థితిలో కర్రను కొర్లగుంటకు తీసుకెళ్లాను.

ఆయన ధర చెప్పలేదు, కూర్చోమన్నారు. ముందు ఊచను వేడిచేసి జిగురు వదులుచేసి బయటికి లాగారు. తర్వాత భూతద్దం కింద విరిగిన అంచులను తిప్పి తిప్పి చూశారు. "సామీ, ఇది చేప విరిచింది కాదు. దీనికి ముందే దెబ్బ తగిలింది" అన్నారు. కార్బన్ కర్ర గట్టి వస్తువుకు కొట్టుకుంటే లోపలి పొరల్లో చీలిక పడుతుంది. పైన రంగు చెక్కుచెదరదు కాబట్టి మనకు కనిపించదు. తర్వాత ఎప్పుడో, మామూలు బరువుకే ఆ చోటనే విరుగుతుంది. గాలపు దారానికి బరువుగా కట్టే సీసపు గుండు ఊగి కర్రకు తగిలినా చాలు. నా కర్ర విషయంలో విమానం సామానులో దెబ్బతిని ఉంటుందని ఆయన అంచనా. ఊచ వల్ల జరిగిన నష్టం కూడా చెప్పారు. కర్ర వంగుతుంది, ఇనుము వంగదు. కాబట్టి వంపు బరువంతా ఊచ ఆగిన చోట పోగుపడుతుంది, అక్కడ విరగక తప్పదు.

మరి అతుకు ఎలా వేయాలి? విరిగిన పాత కర్రలను ఆయన పారేయరు. గది మూలలో వాటి కట్టలే ఉన్నాయి. వాటిలోంచి నా కర్ర బోలులో సరిగ్గా బిగిసే ముక్కను వెతికారు. కర్ర మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది కదా, లోపలి ముక్కకూ అదే వాలు ఉండాలి. దాని రెండు చివరలనూ పలచగా అరగదీశారు, వంపు ఒక్కసారిగా ఆగకుండా. ఆ ముక్కను లావు వైపు నుంచి లోపలికి జారవిడిచి, విరిగిన చోట 2 అంగుళాలు బయటికి వచ్చి బిగుసుకునేదాకా తోసి, ఎపాక్సీ అనే రెండు భాగాలు కలిపే జిగురుతో పట్టించి, మిగతా కొసను దాని మీదికి తొడిగారు. అతుకు మీద నైలాన్ దారం వరుసగా చుట్టి మళ్లీ ఎపాక్సీ పూత. ఊచ పాడుచేసిన భాగం కోసేయాల్సి రావడంతో కర్ర 3 అంగుళాలు పొట్టిదయింది. ఆ నష్టం మొదటి మరమ్మతుది, ఈయనది కాదు.

ఇక్కడితో ఆపి డబ్బులు తీసుకోవచ్చు. ఆయన ఆపలేదు. గాలపు దారం పోవడానికి కర్ర పొడవునా రింగులు ఉంటాయి. చిన్న దూది ఉండను ప్రతి రింగులోంచీ లాగారు. కొసన ఉన్న రింగులో దూది పోగులు చిక్కుకున్నాయి. కంటికి కనబడని పగులు అది, విసిరిన ప్రతిసారీ దారాన్ని కోస్తూ ఉంటుంది. తర్వాత కర్రను గోడకు బిగించి, రింగుల గుండా దారం పోనిచ్చి, చివర బరువు కట్టి వంచారు. కర్ర ఒక వంపులో ఉంది, దారం మాత్రం రింగుకూ రింగుకూ మధ్య తిన్నగా సాగి కోణాలుగా విరుగుతోంది. కంపెనీ వాళ్లు 6 రింగులే పెట్టారు. కొస కాకుండా అడుగుకు ఒక రింగు చొప్పున ఉండాలన్నది కర్రలు కట్టేవాళ్లు మొదట అనుకునే లెక్క, అయినా ఆఖరి మాట ఈ బరువు పరీక్షదే. పాతవి విప్పి, రబ్బరు రింగులతో 8 కొత్తవాటిని తాత్కాలికంగా నిలిపి, ఒక్కోదాన్ని వేలెడు అటూ ఇటూ జరుపుతూ, దారం వంపును అనుసరించేదాకా చూశారు. ఈ పరీక్షకు ఆయన విడిగా డబ్బు తీసుకోలేదు. నా దృష్టిలో ఈ గదికి వెళ్లాల్సిన అసలు కారణం ఇదే. అతుకు వేయగలవాళ్లు ఇంకెక్కడైనా దొరకవచ్చు, కర్ర ఎలా వంగాలో ఆలోచించి పనిచేసేవాళ్లు అరుదు.

రింగులను కర్రకు కట్టే దారం చుట్టడం గురించి తప్పక చెప్పాలి. ఆయనది నగరిలో మగ్గాల కుటుంబం. పవర్‌లూమ్ మీద పెరిగిన చేతులు కాబట్టి దారం బిగువు ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ముందు రింగు పాదం (కర్రకు ఆనించి దారంతో కట్టే భాగం) కొసను ఆకురాయితో కత్తి అంచంత పలచగా అరగదీస్తారు. లేకపోతే దారం పాదం మీదికి ఎక్కే చోట మెట్టులా నిలిచి ఖాళీ మిగిలిపోతుంది. దారాన్ని దాని మీదే అడ్డంగా దాటించి మొదలుపెడతారు, ముడి ఉండదు. కర్రను ఎడమచేత్తో తిప్పుతుంటే కుడి బొటనవేలి గోరు ప్రతి చుట్టునూ పక్క చుట్టుకు తోస్తూ పోతుంది. ముగిసేముందు విడిగా ఒక దారపు ఉచ్చు పెట్టి, దాని మీదుగా మరికొన్ని చుట్లు చుట్టి, కొసను ఉచ్చులోకి ఎక్కించి లాగేస్తారు. కొస చుట్ల కిందికి వెళ్లిపోతుంది. మిగిలింది కొత్త బ్లేడుతో కోస్తారు. ఆపైన నునుపైన ఎముక పుల్లతో రుద్ది సందులు పూడుస్తారు. బిగువు ఎంత ఉండాలో కూడా చూపించారు. చుట్టిన తర్వాత బొటనవేలితో నొక్కితే రింగు కాస్త కదలాలి, వదిలేస్తే కదలకూడదు. అప్పుడే కర్ర మొదలు దగ్గర కన్ను పెట్టి చూస్తూ రింగులన్నిటినీ ఒకే వరుసలోకి తేగలం. మరీ బిగిస్తే రింగు పాదం కర్ర గోడలోకి దిగి, కొత్త చీలికకు అదే మొదలవుతుంది.

నేను పచ్చదారం అడిగాను. వెంటనే ఒప్పుకోకుండా నమూనా పుల్ల చూపించారు. మామూలు నైలాన్ దారానికి ఎపాక్సీ తగిలితే రంగు ముదిరి, లోపలి రింగు పాదం కనబడేంత పారదర్శకం అవుతుంది. రంగు అలాగే నిలవాలంటే ముందుగా ఒక ద్రవం పట్టించి ఆరనివ్వాలి. రెండు రకాలూ పక్కపక్కనే ఉన్న పుల్ల చేతికిచ్చి ఎంచుకోమన్నారు. ముదురు పచ్చే బాగుందనిపించింది, అదే చుట్టించుకున్నాను. ఎండలో చూస్తే ఇప్పటికీ మనసు నిండుతుంది.

ఎపాక్సీ రెండు భాగాలనూ సమానంగా, వేర్వేరు సిరంజిలతో కొలిచి తీసుకుంటారు. కంటి అంచనా ఉండదు, నిష్పత్తి తప్పితే పూత ఎన్నాళ్లయినా జిగటగానే ఉంటుంది. బుడగలు రాకుండా నెమ్మదిగా కలిపి, అల్యూమినియం రేకు మీద పలచగా పరుస్తారు. గిన్నెలో కుప్పగా ఉంచితే దాని వేడికే అది తొందరగా గట్టిపడుతుంది. కుంచెతో పూశాక స్పిరిట్ దీపం మంటను అలా చూపిస్తే బుడగలు పైకి వచ్చి పగిలిపోతాయి. ఇక కర్ర కొన్ని గంటలపాటు ఆగకుండా తిరుగుతూనే ఉండాలి, లేకపోతే పూత కిందికి జారి ఒక పక్కన గుబ్బ కడుతుంది. దానికి ఆయన వాడేది పాత మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే మోటారు. నిమిషానికి 5, 6 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం ఈ పనికి చక్కగా సరిపోతుంది.

ఖర్చు చెబుతాను. అతుకుకు ₹700. రింగు ఒక్కదానికి దారం చుట్టి పూత వేయడానికి ₹120, కొసతో కలిపి 9 రింగులకు ₹1,080. రింగుల ఖరీదు ₹1,620. మొత్తం ₹3,400. సిలికాన్ కార్బైడ్ రింగులు పెడదామని నేనే అడిగాను. అవి మరింత గట్టివి, నునుపైనవి, ఖరీదూ ఎక్కువే. "మీరు వాడేది నైలాన్ గాలపు దారం సామీ, అల్యూమినియం ఆక్సైడ్ రింగులు చాలు. అల్లిక దారానికి మారిన రోజు చూద్దాం" అన్నారు. లాభం వచ్చే మాటను వదులుకుని నిజం చెప్పే దుకాణదారును నేను గౌరవిస్తాను.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజుకు పని పూర్తికాదు. ఫోను చేస్తే చాలాసార్లు ఎత్తరు, చేతులకు ఎపాక్సీ ఉన్నప్పుడు ఎత్తలేరన్నది నిజమే, కానీ తర్వాతైనా తిరిగి చేయవచ్చు. రసీదు ఇవ్వరు. బయటి ఊళ్లవాళ్లు కర్ర వదిలి వెళ్లేటప్పుడు ఏదో ఒక చీటీ ఉంటే ధైర్యంగా ఉంటుంది. నా పని నవంబరు వానల్లో పడింది. చలి ఉన్నప్పుడు పూత నెమ్మదిగా గట్టిపడుతుంది, ఆ లోపల దుమ్ము వాలింది. మూడో రింగు దగ్గర గరుకు తగిలింది. చూపించగానే వాదించకుండా బ్లేడుతో చెక్కి, ఇంకో పూత వేసి ఇచ్చారు. తొందరలేని వాళ్లు వానాకాలం దాటాక ఇవ్వడం మంచిది. రీళ్ల మరమ్మతు అసలు చేయరు, అడగవద్దు.

బాగుచేసిన కర్ర కొత్తదానితో సమానమా అని అడిగితే, కాదు. అతుకు ఉన్న చోట కాస్త బిరుసు, విసిరేటప్పుడు చేతికి తెలుస్తుంది. ఈ సంగతి ఆయనే ముందుగా చెప్పారు. కానీ దారం ఇప్పుడు ఎక్కడా రాసుకోకుండా సాఫీగా పోతుంది, అదే సీసపు గుండుతో మునుపటికన్నా దూరం పడుతోంది. ఆ తర్వాత దీనితో మంచి బరువున్న శీలావతులను తీశాను, అతుకు నిలిచింది.

ఆదివారాలు ఆ గది ఇంకో రకంగా ఉంటుంది. కర్ర కట్టడం నేర్చుకోవాలనుకునేవారికి బల్ల మీద చోటిస్తారు. ఖాళీ కర్ర, పిడి, రీలు కూర్చునే సీటు, రింగులు మనమే తెచ్చుకోవచ్చు, లేదా ఆయన దగ్గరే కొనుక్కోవచ్చు. నేర్పినందుకు డబ్బు తీసుకోరు. కాలేజీ పిల్లలు, ఒక బ్యాంకు ఉద్యోగి, పులికాట్ వైపు పండుగప్పల కోసం వెళ్లే ఇద్దరు అన్నదమ్ములు అక్కడ నాకు పరిచయమయ్యారు. మొదటిసారి కట్టేవారికి ఆయన కార్బన్ ఇవ్వరు, ఫైబర్‌గ్లాస్ కర్రే ఇస్తారు. అది బరువెక్కువ, కానీ దెబ్బలకు ఓర్చుకుంటుంది. దాని మీద నేనూ మా మనవడి కోసం 6 అడుగుల కర్ర ఒకటి కడుతున్నాను. రింగు పాదాలు అరగదీయడం అయింది, చుట్లు మొదలుపెట్టాలి.

ఉద్యోగరీత్యా ఒక మాట. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది. చెరువు కట్టల మీదుగా, కాలువల మీదుగా 11 కె.వి. (11 వేల వోల్టుల) తీగలు వెళ్లే చోట్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి. 9 అడుగుల కర్రను తలపైకి ఎత్తితే తీగ ఎంత దగ్గరవుతుందో నిలబడి చూసుకోండి. ఫైబర్‌గ్లాస్ అయినా తడిస్తే నమ్మకూడదు. ఉరుములు మొదలైతే కర్ర నేలమీద పెట్టి, నీటికి దూరంగా ఇంట్లోకో వాహనంలోకో వెళ్లిపోవాలి. ఈ హెచ్చరికను కర్ర మీదే రాయమని ఆయనను అడిగాను. ఇప్పుడు ఆయన చేతిమీదుగా వెళ్లే ప్రతి కార్బన్ కర్రకూ పిడి పైన, పూత కింద, "కరెంటు తీగలకు దూరంగా ఉండండి" అని సన్నటి తెల్ల అక్షరాలు ఉంటున్నాయి.

వెళ్లేవారు కర్ర రెండు ముక్కలూ తీసుకెళ్లండి, ఒక్కటే తీసుకెళితే బరువు పరీక్ష కుదరదు. విరిగి రాలిన పెళ్లలు కూడా ఒక కవరులో వేసుకోండి, వాటిని ఆయన అడుగుతారు. మీరు వాడే రీలు, దారం వెంట ఉంటే ఇంకా మంచిది, మొదటి రింగు ఎంత పెద్దది ఉండాలో రీలును బట్టే తేల్చుతారు. సాయంత్రం 5 దాటాక వెళ్తే మాట్లాడే తీరిక ఉంటుంది. డబ్బు నగదుగానే తీసుకుంటారు.