ఎండాకాలం ఆదివారం రైడ్: మైపాడు మేలా, నరసింహకొండ మేలా?

మా సైకిల్ క్లబ్బులో ఏటా ఉగాది పోయిందంటే ఒక తగువు మొదలవుతుంది. ఆదివారం రైడ్ ఎటు? కొందరు మైపాడు అంటారు, కొందరు నరసింహకొండ అంటారు. చేతులెత్తిస్తే మైపాడే గెలుస్తుంది. సముద్రం పేరు చెబితే వద్దనేవాళ్ళు నెల్లూరులో ఎంతమంది ఉంటారు? నేనూ మైపాడుకే ఎత్తేవాణ్ణి. ఒక రోహిణి కార్తెలో ఇందుకూరుపేట దగ్గర వేపచెట్టు కింద కూలబడ్డాక మానేశాను.

ఆ రోజు సంగతి ముందు చెప్పాలి. పొద్దున ఐదింటికి బయల్దేరాం. మైపాడు నెల్లూరుకి తూర్పున పాతిక కిలోమీటర్లు. రోడ్డంతా చదును. మీటర్‌లో స్పీడు 26 చూపిస్తుంటే, నెల రోజుల ప్రాక్టీసు ఇన్నాళ్ళకి పనిచేసిందని మురిసిపోయాను. దారి పక్కన రొయ్యల గుంటల మీద పక్షులు వాలకుండా తాళ్ళు లాగి, వాటికి రిబ్బన్లు కడతారు కదా, అవన్నీ సముద్రం వైపు సాగి రెపరెపలాడుతున్నాయి. చూశాను. చూసి కూడా అదేందో బుర్రకి ఎక్కలేదు. ఒడ్డున ఫొటోలు దిగి, టీ తాగి, ఎనిమిదింటికి సైకిల్ పడమటికి తిప్పినప్పుడు ఎక్కింది. అదే కాళ్ళు, అదే రోడ్డు, స్పీడు మాత్రం 12. పొద్దున వెనకనుంచి తోసిన పడమటి గాలి ఇప్పుడు మొహం మీద కొడుతోంది. మూడో బాటిల్ అయిపోయింది. వేపచెట్టు కనిపించింది.

ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసుకున్నాను. గంటకు 20 కిలోమీటర్ల స్పీడుతో తొక్కుతుంటే 15 కిలోమీటర్ల గాలి ఎదురైందనుకోండి. ఒంటికి తగిలే గాలి 35. గాలి మనల్ని ఆపే బలం స్పీడుకి వర్గంలో పెరుగుతుంది. అంటే గాలి లేని రోజుతో పోలిస్తే మూడు రెట్లు. అదే గాలి వెనక ఉంటే ఒంటికి తగిలేది 5 మాత్రమే, ఉందో లేదో కూడా తెలియదు. అందుకే పోయేటప్పుడు మనమేదో మొనగాళ్ళం అనిపిస్తుంది. గాలి కలిసొచ్చిన రోజున ఎవరూ గాలికి పేరు పెట్టరు.

కాబట్టి నా దృష్టిలో ఈ పోలికలో మొదట అడగాల్సింది దూరం గురించి కాదు, తిరుగు ప్రయాణంలో గాలి ఎటు ఉంటుందన్నదే. ఎండాకాలంలో పోయే సగం చీకట్లోనో చల్లదనంలోనో అయిపోతుంది. వచ్చే సగం ఎండలో పడుతుంది. అలసిపోయి ఉంటాం, నీళ్ళు తగ్గి ఉంటాయి. గాలి సాయం కావాల్సింది ఆ సగంలో. నరసింహకొండ ఊరికి పడమటన ఉంది, సుమారు 15 కిలోమీటర్లు. పోయేటప్పుడు ఐదున్నర పూట ఎదురుగాలి కొట్టినా ఒళ్ళు తాజాగా ఉంటుంది, తట్టుకుంటాం. కొండ దిగి ఇంటి మొహం పట్టాక అదే గాలి వీపు మీద చెయ్యేసి తీసుకొస్తుంది.

ఇది ఏడాది పొడవునా వర్తించే మాట కాదు. మార్చిలో, ఏప్రిల్ మొదట్లో పొద్దుటి గాలి పెద్దగా ఉండదు. ఎండ ముదిరేసరికి సముద్రపు గాలి లేస్తుంది. మైపాడు నుంచి వచ్చేవాళ్ళకి అది వెనకనుంచో పక్కనుంచో తగులుతుంది. ఆ రోజుల్లో మైపాడుకి నా చెయ్యి కూడా లేస్తుంది. కృత్తిక కార్తె వచ్చేసరికి, అంటే మే రెండో వారానికి, పడమటి గాలి తిరుగుతుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ గాలి పొద్దున ఏడింటికే వేడిగా ఉంటుంది. మృగశిర వచ్చినా మన జిల్లాకి వెంటనే చల్లబడే అదృష్టం లేదు. జూన్ అంతా ఇదే వరస. ఒంగోలు వాళ్ళకి కొత్తపట్నం ఉంది. వాళ్ళు కూడా ఇదే లెక్క వేసుకోవచ్చు, సముద్రం వాళ్ళకీ తూర్పునే ఉంది.

మార్చి, ఏప్రిల్‌లో మైపాడు మేలన్నాను కానీ దానికో చిక్కుంది. వడ్లు. పెన్నా డెల్టాలో కోతలయ్యేది అప్పుడే. కళ్ళాలు లేనివాళ్ళకి తారు రోడ్డే కళ్ళం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్ళు పేరుస్తారు. రాత్రికి కుప్ప చేసి పట్టా కప్పుతారు. రైతుని ఏమీ అనలేం, తేమ ఎక్కువుంటే ధర తెగ్గోస్తారు. మనమే చూసి తొక్కాలి. నాలుగున్నర చీకట్లో పట్టా కనిపిస్తుంది, అంచున పెట్టిన రాయి కనిపించదు. పల్చగా పరుచుకున్న వడ్ల మీద సన్న టైరు పడిందంటే నేల మీద గోళీలు పోసినట్టే, హ్యాండిల్ మన మాట వినదు. మా గుంపులో ముందు తొక్కేవాడు ఎడమ చెయ్యి కిందకి చూపిస్తూ “వడ్లు!” అని అరవాలి. వెనకవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ అరుపు అందుకోవాలి. బ్రేకు గట్టిగా పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, తొక్కడం ఆపి నేరుగా పోనివ్వాలి. మరీ ఎక్కువుంటే దిగి నడవాలి. ఒకసారి ఒక కుర్రాడు దిగడానికి నామోషీ పడి, మోచెయ్యి గీరుకుపోయి, పక్కనే కాపలా పడుకున్న ముసలాయన చేత చీవాట్లు తిన్నాడు. “వడ్లు తొక్కితే తొక్కినావులే, నీకేమన్నా అయితే మీ అమ్మకి ఎవురు చెప్పేది?” అన్నాడాయన.

కొండ దారిలో వడ్ల బెడద తక్కువ. అటు ఇసుక. పెన్నలోంచి తోలే ట్రాక్టర్ల నుంచి రాలిన ఇసుక మలుపుల్లో సన్నగా పరుచుకుని ఉంటుంది. కొండ దిగిన ఊపులో మలుపు తీసుకుంటే జారుడే. వడ్లకి ఋతువుంది, ఇసుకకి లేదు. ఈ ఒక్క విషయంలో రెండు దారులూ ఒకదానికొకటి తీసిపోవు.

సూర్యుడి సంగతి గాలంత తేలిగ్గా తేలదు. మే చివర్లో మనకి పొద్దు పొడిచేది ఐదూ నలభై ప్రాంతంలో. ఐదింటికి మైపాడు బయల్దేరితే సగం దారిలో సూర్యుడు ఎదురుగా వచ్చి కూర్చుంటాడు. మన కళ్ళు చెదరడం సరే, మన వెనక వచ్చే వ్యాను డ్రైవర్ కళ్ళు కూడా చెదురుతాయి. రొయ్యల వ్యాన్లకి ఎప్పుడూ తొందరే. ఆ వెలుగులో సైకిల్ నల్లటి గీతలా కలిసిపోతుంది. వెనక ఎర్ర లైటు పగలైనా వెలిగే ఉండాలని మా క్లబ్బులో రూలు పెట్టింది అందుకే. ఆ బాధ తప్పాలంటే నాలుగుంబావుకే బయల్దేరి, పొద్దు పొడిచేసరికి ఒడ్డున ఉండాలి. అప్పుడు కుక్కలు. ఊరికో గుంపు.

కొండకి పోయేటప్పుడు సూర్యుడు వీపు వెనక ఉంటాడు. వచ్చేటప్పుడు ఎదురవుతాడు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఏడింటికి కాస్త పైకెక్కి ఉంటాడు. హెల్మెట్ కింద ముందు అంచున్న టోపీ పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక చెమట. సముద్రం దగ్గర చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. గాలి ఆడినంతసేపూ నిజమే. గాలి ఆగిందా, ఉక్క. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్ళు పోవడమే మిగులుతుంది. నేను రైడ్‌కి ముందూ తర్వాతా కాటా ఎక్కుతాను. కిలో తగ్గితే లీటరు నీళ్ళు పోయినట్టు లెక్క. మైపాడు రైడ్‌లో మూడు బాటిళ్ళు తాగి కూడా కిలోన్నర తగ్గిన రోజులున్నాయి. కొండ రైడ్‌లో అర కిలో దాటలేదు. దూరం తక్కువ కాబట్టి కొంత, వచ్చేటప్పుడు గాలి తోసింది కాబట్టి కొంత. ఏ దారైనా ఒక బాటిల్‌లో మంచినీళ్ళు, ఇంకో బాటిల్‌లో ఉప్పేసిన నిమ్మకాయ నీళ్ళో పల్చటి మజ్జిగో పెట్టుకోండి. పక్కనే గూడూరు ఉంది, నిమ్మకాయలకి కరువా? ఓఆర్ఎస్ ప్యాకెట్ అయితే లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలపాలి. చిక్కగా ఉంటే బలమని అర లీటరులో కలిపిన మిత్రుడు ఒకాయన దారంతా కడుపు పట్టుకుని తొక్కాడు. ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా వెంటనే నీడకి చేర్చి, బట్టలు తడిపి, 108కి ఫోన్ చేయండి. తెలివిలో లేని మనిషికి నోట్లో నీళ్ళు పోయొద్దు.

గుంపుగా తొక్కడానికి ఏది మేలు అంటే, ఇక్కడ మైపాడు పక్షాన నిజాయితీగా ఒక మాట చెప్పాలి. చదును దారిలో గుంపు విడిపోదు. ఎదురుగాలి ఉన్నా ఇద్దరిద్దరు వంతులేసుకుని ముందు తొక్కితే, వాళ్ళ వెనక చక్రానికి దగ్గరగా తొక్కుతూ వచ్చేవాళ్ళకి నాలుగో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. కొత్తవాళ్ళకి ఈ పాఠం మైపాడు రోడ్డు నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు. కొండ ఎక్కడం మొదలైతే ఎవరి ఊపిరి వాళ్ళదే. గేర్లున్న కుర్రాళ్ళు పైకి పోయి సెల్ఫీలు తీసుకుంటుంటారు. మా మాస్టారు, రిటైరయ్యి పదేళ్ళు, గేర్లు లేని పాత సైకిల్ తోసుకుంటూ నింపాదిగా నడిచి వస్తారు. “ఆగండి మాస్టారూ, నేను తోస్తా” అంటే “స్వామి దగ్గరికి నడిచిపోతే తప్పేముంది నాయనా” అంటారు. వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి పైన నిలబడితే కింద పెన్న, అవతలి ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడి కనిపిస్తాయి. ఎండాకాలంలో పెన్న అంటే చాలావరకు ఇసుకే అనుకోండి. వైశాఖంలో ఉత్సవాలప్పుడు మాత్రం అటు పోవద్దు. జనం మధ్య సైకిల్ గుంపు అందరికీ అడ్డం.

ఒడ్డుకి పోతే ఇంకో పని కూడా పెరుగుతుంది. ఇసుకలో సైకిల్ పడుకోబెట్టి ఫొటో తీసిన ప్రతివాడూ సాయంత్రం గొలుసు కడుక్కోవాలి. ఉప్పు గాలి, ఇసుక, నూనె కలిస్తే గొలుసుకి గరుకు కాగితం చుట్టినట్టే. కొండ దారిలో గొలుసు బతుకుతుంది, ట్యూబులు పోతాయి. రోడ్డు పక్క కంపచెట్ల ముళ్ళు, పల్లేరు కాయలు. స్పేర్ ట్యూబు లేకుండా రావద్దు. సొల్యూషన్ ట్యూబు ఉంది కదా అనుకుంటారు, ఎండలకి అది మూత తీయకముందే గట్టిపడి ఉంటుంది.

200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్‌కి, తయారవుతున్నవాళ్ళు మా క్లబ్బులో ముగ్గురున్నారు. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి కాబట్టి వాళ్ళకి ఈ రెండూ చాలవు. చలికాలం దాకా ఆగమని చెప్తున్నాం, వింటే కదా.

పిల్లల్ని ఈ రెండు దారుల్లో దేనికీ తీసుకుపోము. సెలవుల్లో తల్లిదండ్రులు అడుగుతారు, “సాయంత్రం ఏదన్నా పెట్టండి సార్” అని. సాయంత్రం ఆరింటికి కూడా తారు రోడ్డు సెగ కక్కుతూనే ఉంటుంది. అందుకే వాళ్ళ రైడ్ పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా, నెల్లూరు చెరువు వైపు, ఊళ్ళోనే. సాయంత్రం నీడలో పంక్చర్ క్లాసు. పంక్చర్ పడిన ట్యూబుకి గాలి కొట్టి బకెట్ నీళ్ళలో ముంచి తిప్పుతుంటే, ఒకచోట బుడుంగుమని బుడగల వరస లేస్తుంది. పిల్లలంతా ఒకేసారి “అదుగో!” అంటారు. బొటనవేలు దానిమీద పెట్టి తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, తడి ఆరేదాకా ఆగమంటే మాత్రం ఒక్కడూ ఆగడు. రెండో ట్యూబు దగ్గర ఆగుతారు, మొదటి ప్యాచ్ ఊడిపోయాక.

టిఫిన్ విషయంలో నేను పక్షపాతిని, ముందే చెప్తున్నా. కొండకి పోతే ఏడున్నరకే ఊళ్ళో ఉంటాం, కారం దోశ వేడిగా దొరుకుతుంది. మైపాడు పోతే తొమ్మిదైపోతుంది, ఆకలి చచ్చి ఉంటుంది.

జూన్ 3 ప్రపంచ సైకిల్ దినం. 2018లో ఐక్యరాజ్యసమితి ఈ తేదీ పెట్టినప్పుడు రోహిణి కార్తె సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. మా క్లబ్బు ఆ రోజు రైడ్ పెట్టక తప్పదు. నిన్న మీటింగులో ఈ లెక్కలన్నీ చెప్పి, రిబ్బన్ల సంగతి కూడా చెప్పి, నరసింహకొండకి ఓటేయమన్నాను. అందరూ శ్రద్ధగా విన్నారు. మాస్టారు తల ఊపారు. చేతులెత్తితే మైపాడుకి పద్నాలుగు, కొండకి ఐదు. మాస్టారి చెయ్యి కూడా మైపాడు వైపే లేచింది. “సముద్రం చూసి చాన్నాళ్ళయింది నాయనా” అన్నారు.

నాలుగుంబావుకి బయల్దేరదామని, ఏడుకల్లా ఒడ్డు వదలాలని మాత్రం ఒప్పించాను. చివరన తొక్కేది నేనే. రెండు ట్యూబులు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు సర్దుకున్నాను. తమ్ముడి ఆటో ఇందుకూరుపేట వేపచెట్టు దగ్గర ఏడున్నరకి వచ్చి ఉంటుంది.