మోకాలి మార్పిడి ప్యాకేజీ: ఆపరేషన్‌కి ఐదు నక్షత్రాలు, చెప్పిన కబుర్లకి రెండు

విజయవాడలో మోకాలి మార్పిడికి ప్యాకేజీ ఇచ్చే ఒక పెద్ద ఆసుపత్రి గురించి, డిశ్చార్జ్ అయ్యాక మా ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ సర్వీస్ గురించి కలిపి రాస్తున్నాను. పేర్లు రాయట్లేదు, ఎందుకంటే నేను తిట్టబోయే లోపం ఆ ఒక్క ఆసుపత్రిదే కాదని వేరే చోట చేయించుకున్న మా చుట్టాల్ని కదిపితే తెలిసింది. పేషెంట్ మా అమ్మ. అరవై ఎనిమిదేళ్లు, షుగర్ ఉంది గానీ అదుపులోనే ఉంది, కుడి మోకాలు ఒక్కటే చేయించాం.

ముందు మంచి చెప్తాను. సర్జన్ గారి హస్తవాసి మంచిది. కుట్టు నీట్‌గా ఉంది, చీము పట్టలేదు, మర్నాడు పొద్దున్నే వాకర్ చేతికిచ్చి నిలబెట్టి వార్డులో నాలుగడుగులు వేయించారు. నర్సులు ఓపికమంతులు. క్యాంటీన్ ఇడ్లీ సంగతి వదిలేద్దాం. బిల్లులో ఇంప్లాంట్, అంటే లోపల వేసే కృత్రిమ కీలు, ధర విడిగా చూపించారు, మీరు ఎక్కడికెళ్లినా ఇది అడిగి చూసుకోండి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి పరిమితి పెట్టింది, ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. అంతకుముందు అదే సరుకుని లక్షన్నర దాకా అమ్మేవాళ్లు. ఇప్పుడు బంగారు రంగు పూత అని, రోబో అని రేటు పెంచే బేరాలు నడుస్తుంటాయి. రోబో ఎముకని కొలత ప్రకారం కోయడానికి సాయపడుతుంది సరే, ఇంటికొచ్చాక కాలు మాత్రం మన బదులు అది వంచదు.

నాకు ఒళ్లు మండిందల్లా కౌన్సెలింగ్ గదిలోనే. గోడ మీద నవ్వుతూ మెట్లెక్కుతున్న పెద్దావిడ ఫోటో, కింద ‘మర్నాడే నడక’ అని పెద్దక్షరాలు. అబద్ధం కాదు, మర్నాడు నడిపించారు కూడా. కానీ ఆ తర్వాత మూడు నెలలు ఎలా ఉంటాయన్నది ఆ గదిలో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. “మూడు వారాల్లో అన్ని పనులూ మీరే చేసేసుకుంటారు ఆంటీ” అంది కౌన్సెలర్ అమ్మాయి. అమ్మ తలూపింది. ఆవిడ మనసులో ఉన్న పనులేమిటంటే శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి పీట మీద కూర్చోవడం, ఊళ్లో పాతింటికెళ్తే అక్కడి ఇండియన్ టాయిలెట్ వాడుకోవడం, మెట్ల దారిన కొండెక్కి దుర్గమ్మని చూడటం. “ఆపరేషన్ తర్వాత మీకేం చేయాలనుందమ్మా?” అని ఒక్కరంటే ఒక్కరు అడిగి ఉంటే మొదటి రెండూ మర్చిపోమని, మూడోది రెయిలింగ్ పట్టుకుని మెల్లిగా చేయొచ్చని అక్కడే తేలిపోయేది. మార్చిన మోకాలు మామూలుగా 110 నుంచి 120 డిగ్రీల దాకా వంగుతుంది. కుర్చీకి, కారుకి, మెట్లకి అది చాలు, బాసింపట్టు వేసుక్కూర్చోవడానికి చాలదు. కొంతమంది కూర్చోగలుగుతారు గానీ చాలామంది సర్జన్లు వద్దనే అంటారు. ఈ సంగతి మాకు కుట్లు తీయించుకోవడానికి వెళ్లిన రోజు తెలిసింది, అమ్మ ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు.

ఇక నొప్పి. వార్డులో ఉన్నప్పుడు “అబ్బే, అంత నొప్పేం లేదు” అని ఫోన్లలో అందరికీ చెప్పింది. అదంతా నరానికిచ్చిన మత్తు ఇంజెక్షన్ల పుణ్యం. ఇంటికొచ్చాక ఆ ప్రభావం పూర్తిగా దిగిపోయి అసలు నొప్పి మొదలైంది, ముఖ్యంగా రాత్రిళ్లు. కాలు పిక్క దాకా వాచింది, తొడ వెనక నుంచి చీలమండ దాకా కమిలి నీలంగా, కొన్నిచోట్ల పచ్చగా మారింది. చూసిన ప్రతివాళ్లూ బెంబేలెత్తిపోయారు. లోపల కారిన రక్తం కిందికి దిగడం వల్ల అలా అవుతుందట, చాలామందికి మామూలేనట. మోకాలు నెలల తరబడి వెచ్చగానే ఉంటుంది. కోతకి బయటివైపు చర్మం మొద్దుబారి ఉంటుంది, ఎందుకంటే అక్కడి సన్నని నరాలు కోతలో తెగుతాయి, కొంతమందికి ఆ మొద్దుతనం పూర్తిగా పోదు కూడా. నడుస్తుంటే లోపల టక్కుమని చప్పుడొస్తుంది, లోహానికి ప్లాస్టిక్ తగిలే చప్పుడు. ఇవేవీ ప్రమాదం కాదు, కానీ ముందే ఒక కాగితం మీద రాసిస్తే ఇంటిల్లిపాదికీ అంత టెన్షన్ ఉండేది కాదు. డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్నదల్లా ‘ఫిజియోథెరపీ కొనసాగించాలి’ అనే ఒక్క లైను. అత్యవసరానికి అని ఇచ్చిన నంబరు రిసెప్షన్‌కి వెళ్తుంది, వాళ్లు పొద్దున ఓపీకి రమ్మంటారు. పిక్క గట్టిపడి నొప్పి పెట్టినా, జ్వరమొచ్చినా, గాయం నుంచి తడి కారినా, ఆయాసం వచ్చినా మాత్రం పొద్దుటి దాకా ఆగకూడదు. గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. ఈ ముక్క మాకు చెప్పింది ఆసుపత్రి కాదు, ఫిజియో అమ్మాయి.

పథ్యం గొడవ వేరే. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ తింటే దురద, గుడ్డు వేడి. పలకరింపుకి వచ్చినవాళ్లలో సగం మంది సలహాలు ఇవే. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పూ గుడ్డూ మానేయడమంటే సరిగ్గా కావలసినవే ఆపేయడం. డైటీషియన్ మంచం దగ్గరకొచ్చి ఐదు నిమిషాలు ఇంట్లో పెద్దవాళ్లకి కూడా చెప్పి ఉంటే బాగుండేది. నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుందన్న సంగతీ అంతే, వచ్చాక గానీ తెలియలేదు.

ఇప్పుడు ఫిజియో సర్వీస్. ఇది ప్యాకేజీలో లేదు, వాకరు, కమోడ్ కుర్చీ, బిగుతు సాక్సులు కూడా లేవు, ఇవన్నీ విడిగా కొనాలని ముందే లెక్కేసుకోండి. ఇంటికొచ్చి చేయిస్తే ఒక్కో సిట్టింగ్‌కి 600 రూపాయలు. వచ్చిన అమ్మాయి గుమ్మంలోనే చెప్పింది, “అమ్మా, నన్ను తిట్టుకుంటారు, ముందే చెప్తున్నా.” బ్యాగులోంచి రెండు చేతుల ప్లాస్టిక్ కొలబద్ద తీసి మోకాలు ఎంత వంగుతోందో పక్కన పెట్టి కొలిచింది, 65 డిగ్రీలు. గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ గడిలోనే రాసింది. మా పిన్ని అప్పటికే ప్రేమగా మోకాలి కింద మెత్తటి దిండు పెట్టింది, హాయిగా ఉంటుందని. ఈ అమ్మాయి దిండు లాగేసి తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టింది. మోకాలి కింద దిండుతో రోజంతా పడుకుంటే కాలు కొంచెం వంగినట్టే బిగుసుకుపోతుందట, తర్వాత తిన్నగా చాపడానికి రాదట, వంగకపోవడం కంటే చాపలేకపోవడమే నడకని ఎక్కువ పాడుచేస్తుందట. మంచం మీద మడమ జరపడానికి దుప్పటి అడ్డుపడుతుంటే కిరాణా కొట్టు పాలిథిన్ కవరు ఒకటి మడమ కింద వేసింది, సర్రున జారింది. నొప్పి మాత్ర వ్యాయామం అయ్యాక కాదు, అరగంట ముందు వేసుకోమంది, అయ్యాక పావుగంట ఐసు. అమ్మ ఏడ్చిన రోజులున్నాయి. “నీకు జాలి లేదే తల్లీ” అంటే ఆ అమ్మాయి నవ్వి క్యాలెండర్ వైపు చూపించేది. 65, 78, 90. నొప్పి తగ్గినట్టే అనిపించని వారాల్లో కూడా ఆ అంకె కదలడం చూసే అమ్మ మళ్లీ వ్యాయామానికి కూర్చుంది.

సర్వీస్‌లో లోపాలూ ఉన్నాయి. ఆ అమ్మాయి సెలవు పెట్టినప్పుడు పంపిన అబ్బాయి కరెంటు పెట్టే మెషీన్ తగిలించి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. 600 అతనికీ ఇచ్చాం. చెప్పిన టైముకి రావడమన్నది వాళ్ల అలవాట్లలో లేదు. నాలుగు నక్షత్రాలు.

ఎవరైనా ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకి చేయించబోతుంటే లెక్క దాదాపు ఇలా వేసుకోండి, మనిషిని బట్టి అటూఇటూ అవుతుంది. కుట్లు రెండు వారాలకి అటూఇటుగా తీస్తారు. వాకర్ నుంచి చేతికర్రకి రావడానికి మూడు నుంచి ఆరు వారాలు. వంటింట్లో నిలబడి పని చేసుకోవడం ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్యలో. వాపు, బిగుతు ఆరు నెలల దాకా ఉండొచ్చు, పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది కూడా పట్టొచ్చు. ఇంప్లాంట్లు పదింట ఎనిమిది పాతికేళ్లు పనిచేస్తున్నాయని చెప్పే పరిశోధనలున్నాయి, ఆ మాట ఆసుపత్రి వాళ్లు అడక్కుండానే చెప్తారు. చేయించుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరి దాకా ఫలితంతో పూర్తిగా తృప్తి పడట్లేదని కూడా ఏళ్లుగా లెక్కలున్నాయి, అది అడిగినా చెప్పరు. నా మట్టుకు నాకు రెండూ తెలిసి సంతకం పెట్టడమే న్యాయం అనిపిస్తుంది. “మా తోడికోడలు పది రోజులకే మెట్లెక్కేసింది” అని పోల్చే చుట్టాల ఫోన్లు కొన్నాళ్లు పేషెంట్‌కి ఇవ్వకండి, నిజంగా చెప్తున్నా.

అమ్మ ఇప్పుడు 112 దగ్గరుంది, రాత్రి నిద్ర పడుతోంది, కర్ర లేకుండా సందు చివర కూరగాయల బండి దాకా వెళ్లొస్తోంది. వ్రతం కుర్చీలో కూర్చునే చేసింది, పంతులుగారేమీ అనలేదు. రెండో మోకాలికీ అదే ఆసుపత్రి, అదే సర్జన్. ఈసారి కౌన్సెలింగ్ గదికి నేనొక్కదాన్నే వెళ్లి డబ్బుల సంగతి మాట్లాడి వస్తాను. ఫిజియో అమ్మాయితో మాత్రం ముందే మాట్లాడేశాం, ఆవిడకి ఏ నెల ఖాళీ ఉంటే ఆపరేషన్ ఆ నెలలో.