మాలర్ రెండో సింఫనీ: ఈలీ సినిమానా, లూసర్న్ వీడియోనా?

స్వరకర్త గుస్టావ్ మాలర్ రెండో సింఫనీ (ఆర్కెస్ట్రా, గాయకుల కోసం రాసిన అయిదు భాగాల పెద్ద రచన), ‘పునరుత్థానం’, తెరమీద చూడాలంటే ముందు తేల్చుకోవాల్సిన చిత్రీకరణలు రెండు. ఒకటి 1973లో ఇంగ్లండ్‌లోని ఈలీ కేథడ్రల్‌లో కండక్టర్ (వాద్యబృందాన్ని నడిపించేవాడు) లెనార్డ్ బెర్న్‌స్టీన్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసింది. అందులో షీలా ఆర్మ్‌స్ట్రాంగ్, జానెట్ బేకర్ సోలోలు పాడారు. రెండోది 2003లో స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో క్లాడియో అబ్బాడో నడిపింది. అందులో ఎటెరి గ్వజావా, అన్నా లార్సన్ పాడారు.

తేడా అంతా భవనం దగ్గరే మొదలవుతుంది. ఈలీలో రాతి గోడలు, ఎత్తైన కప్పు. ఒక స్వరం ఆగినా దాని మోత గాలిలో నిలిచే ఉంటుంది. మూడో భాగంలో వయొలిన్లు ఆగకుండా పరుగెత్తే చిన్న చిన్న స్వరాలు అక్కడ ఒకదానిమీద ఒకటి పడి అలుక్కుపోతాయి. లూసర్న్ హాలు సంగీతం కోసమే కట్టింది. ప్రతిధ్వనిని పెంచడానికీ తగ్గించడానికీ చుట్టూ తలుపులున్న గదులున్నాయి. అక్కడ అవే స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. పైగా ఆ ఆర్కెస్ట్రాలో జబీనే మేయర్ లాంటి పేరున్న సోలో కళాకారులు మామూలు సభ్యులుగా కూర్చున్నారు. మొదటి నాలుగు భాగాలకు లూసర్నే మేలు. ఒక్క మినహాయింపు: నాలుగో భాగంలో జానెట్ బేకర్ పాట. అంత నిబ్బరంగా, అంత దగ్గరగా పాడినవాళ్లు అరుదు.

అయిదో భాగం వేరే లెక్క. ఇక్కడ కొన్ని హార్న్‌లు, ట్రంపెట్‌లు వేదిక వెనక దూరం నుంచి మోగాలి. ఆ తర్వాత కోరస్ దాదాపు వినపడనంత మెల్లగా, వాద్యాల తోడు లేకుండా ఎత్తుకుంటుంది. సొప్రానో (పై స్థాయి స్త్రీ గొంతు) ఆ గుంపులోంచే నెమ్మదిగా విడివడాలి, ముందే పైకి తేలితే ఆ చోటు చెడిపోతుంది. చాలా కోరస్‌లు ఈ ఎత్తుగడను కూర్చునే పాడతాయి, అంతమంది ఒకేసారి లేచిన చప్పుడుకు ఆ నిశ్శబ్దం చెదురుతుంది కాబట్టి. లూసర్న్‌లో ఓర్ఫియోన్ డోనోస్టియారా కోరస్ ఈ చోటును అద్భుతంగా పట్టుకుంది. కానీ చివర ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాద్యం) కలిశాక ఈలీ గెలుస్తుంది. అంతదాకా అడ్డుపడిన ఆ రాతి మోతే ఇక్కడ బలమవుతుంది. బెర్న్‌స్టీన్ తాళాన్ని బాగా సాగదీస్తాడు. మామూలు హాల్లో అది బరువనిపించేది, కేథడ్రల్‌లో ఆ నిదానం నిండుగా ఉంటుంది.

ఏది చూసినా టీవీ స్పీకర్లను నమ్ముకోవద్దు. కోరస్‌లో బాస్ గాయకులు (కింది స్థాయి మగ గొంతులు) అందుకునే అడుగు స్వరం సుమారు 58 హెర్ట్జ్. చిన్న స్పీకర్లు దాన్ని మింగేస్తాయి, ఆర్గన్ అడుగు స్వరాల గతీ అంతే. మంచి హెడ్‌ఫోన్‌లు వాడండి. టీవీలో ‘నైట్ మోడ్’ ఆపేయండి. అది మెల్లని చోట్లను పెంచి, పెద్ద చోట్లను అణిచి, రెంటినీ ఒకే మట్టానికి తెస్తుంది. వాల్యూమ్‌ను మొదటి నిమిషాన్ని బట్టి పెట్టుకుంటే, ఆరంభంలో చెల్లో, డబుల్ బాస్ వాద్యాలు విరుచుకుపడతాయి కనుక తగ్గించేస్తారు, తర్వాత కోరస్ వినపడదు. ముందుగా కోరస్ ఎత్తుగడకు వెళ్లి, అది స్పష్టంగా వినపడేలా పెట్టుకుని, మొదటికి రండి. ఈలీ చిత్రం పాత 4:3 కొలతలో ఉంటుంది. తెర నిండేలా లాగితే మనుషులు అడ్డంగా సాగుతారు.

మొదటి భాగం తర్వాత కనీసం 5 నిమిషాల విరామం ఇవ్వాలని మాలర్ స్వరపత్రంలోనే రాశాడు. ఇంట్లో అది పాటించడం తేలిక, పాజ్ నొక్కితే చాలు.

ఒక్కటే కొనేవాళ్లు, ఈ సింఫనీకి కొత్తవాళ్లు లూసర్న్ తీసుకోండి. రచన తెలిసినవాళ్లు ఈలీలో అయిదో భాగాన్ని తప్పక చూడాలి.