ఎర్రమట్టి దిబ్బల్లో గైడ్ వాక్: టిఫిన్ సంగతి వదిలేయండి, గెడ్డలోకి మాత్రం దిగండి

భీమిలి రోడ్డు మీద వెళ్తూ బండాపి, పైనుంచే నాలుగు సెల్ఫీలు తీసుకుని ఎర్రమట్టి దిబ్బలు చూసేశాం అనుకునే మన వైజాగ్ వాళ్ల కోసం ఈ రివ్యూ. పొద్దున్నే దిబ్బల్లో తిప్పి వివరించే వాక్ ఒకటుంటే ఇంట్లోవాళ్లతో వెళ్లాను. గైడ్ సూపర్, ఏర్పాట్లే అంతంతమాత్రం.

ఆయన ఫోటోలకి ఆగనివ్వకుండా నేరుగా గెడ్డలోకి, అంటే దిబ్బల మధ్య వాన నీళ్లు పారే లోతైన వాగులోకి దింపేశాడు. కింద నిలబడి చూస్తే రెండు పక్కలా గోడలు లేచి ఉంటాయి, పొరలన్నీ విడివిడిగా కనిపిస్తాయి: అడుగున పసుపు ఇసుక, దాని మీద గడ్డలు కట్టిన గోధుమ ఎరుపు, ఆపైన ఇటుక ఎరుపు, అన్నిటికన్నా పైన లేత పసుపు. తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రకం రాళ్లు అరిగి వచ్చిన ఇసుకే ఇదంతా. మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా పడిపోయినప్పుడు ఒడ్డున బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ పోసింది, అందులోని ఇనుప ఖనిజాలు వేల ఏళ్లపాటు తుప్పుపట్టి రేణువులకి ఎరుపెక్కింది, తర్వాత వాన నీళ్లు కోసి ఈ లోయలు చేశాయి. గెడ్డ అడుగున నల్లటి చారలుంటే ఏదో బురద అనుకున్నా. గైడ్ ప్లాస్టిక్ కవర్లో చుట్టిన అయస్కాంతం ఆ చార మీద తిప్పాడు, ఇనుమున్న నల్ల రేణువులు గుత్తులుగా అంటుకున్నాయి. మా పిల్లాడైతే అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇలాంటి ఎర్ర దిబ్బలు మన చుట్టుపక్కల ఇంకెక్కడైనా చూడాలంటే తమిళనాడో శ్రీలంకో పోవాలి. 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. అయినా మేం వెళ్లిన పూట ఒక ప్రీ వెడ్డింగ్ బ్యాచ్ గోడ అంచు మీదకెక్కి ఫోజులు. అది గట్టి రాయి కాదు బాబూ, వదులు ఇసుక, అంచు విరిగితే మనిషీ పోతాడు, దిబ్బా పోతుంది. నిర్వాహకులు చూసీ ఒక్క మాట అనలేదు, నాకు నచ్చనిది అదే.

టిఫిన్ ప్యాకేజీలో ఉందన్నారు గానీ ఇడ్లీ చల్లారిపోయింది, చట్నీ నీళ్లనీళ్లగా ఉంది. నీళ్ల బాటిల్ మీరే పట్టుకెళ్లండి, లోపల నీడ ఉండదు, ఎండ ముదిరితే కష్టం. వానలు వెలిశాక చలికాలం పొద్దుటిపూట మేలు. తెల్ల ప్యాంటు మాత్రం వేసుకోకండి, ఆ ఎరుపు ఎంత ఉతికినా పోదు.