టింపనోమీటర్‌తో ఐదేళ్లు, తిరుమల కొండ మీద కనిపించిన 2.17

తిరుపతిలో నాదొక చిన్న ఆడియాలజీ (వినికిడి పరీక్షల) క్లినిక్. ఐదేళ్లుగా ఈ చేతి టింపనోమీటరే వాడుతున్నాను. దీని కొనని, అంటే ప్రోబ్‌ని, చెవిలో పెడితే శబ్దం పంపి, గాలి ఒత్తిడి మారుస్తూ కర్ణభేరి ఎంత కదులుతోందో గ్రాఫ్ గీస్తుంది. గ్రాఫ్ ఆకారాన్ని బట్టి పెట్టే ఎ టైపు, బి టైపు పేర్ల సంగతి వదిలేస్తున్నా. దీంట్లో నాకు ప్రాణం గ్రాఫ్ పక్కన చిన్న అక్షరాల్లో వచ్చే వాల్యూమ్, అంటే ప్రోబ్ ముందు చెవిలో ఎంత ఖాళీ ఉందో చెప్పే అంకె. గ్రాఫ్ బల్లపరుపుగా వస్తే కర్ణభేరి కదలడం లేదని మాత్రమే తెలుస్తుంది, ఎందుకు కదలడం లేదో తేల్చేది ఆ అంకె. పెద్దవాళ్లలో ఒక మిల్లీలీటరు దగ్గర ఉంటే భేరి వెనక నీరు చేరి ఉండొచ్చు, మూడో నాలుగో చూపిస్తే చిల్లు పడి ఉండొచ్చు, 0.2 అంటే గులిమి అడ్డుపడిందో, ప్రోబ్ చెవి గోడకి ఆనుకుందో.

ఆ అంకె మీద నమ్మకం ఒక్కసారే సడలింది. రెండేళ్ల కిందట తిరుమలలో చెవి పరీక్షల శిబిరానికి వెళ్లాను. ముందురోజు క్లినిక్‌లో 2 మిల్లీలీటర్ల కాలిబ్రేషన్ గుంతకి (మిషన్ సరిగా కొలుస్తోందో లేదో చూసుకునే, కొలత తెలిసిన గుంత) సరిగ్గా 2.00 చూపించిన మిషన్, పొద్దున్నే కొండ మీద 2.17 అంది. టిప్ మార్చాను, ప్రోబ్ కొన విప్పి దారంతో శుభ్రం చేశాను, మళ్లీ అదే 2.17. సర్వీసు ఇంజినీరుకి ఫోన్ చేస్తే ప్రోబ్ పోయింది, మార్చాల్సిందే అన్నాడు. దాని ధర విన్నాక టెన్షన్ మొదలైంది. బయటేమో అప్పటికే లైను.

ఊరుకోలేక మిగతా గుంతలు కూడా చూశాను. 5 కి 5.43, 0.5 కి 0.54. మూడూ ఇంచుమించు ఒకే లెక్కన, 8, 9 శాతం మధ్య పెరిగాయి! పాడైన ప్రోబ్ ఇంత పద్ధతిగా తప్పు చెప్పదు కదా, అప్పుడు తట్టింది. ఈ మిషన్ చెవిలోకి పంపేది 226 హెర్ట్జ్ శబ్దం. దాన్ని ఎంచుకున్నదే సముద్రమట్టంలో ఒక మిల్లీలీటరు గాలి ఒక మిల్లీమో (శబ్దానికి గాలి ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే కొలత) చూపిస్తుందని. తిరుమల గుడి దగ్గర ఎత్తు సుమారు 850 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గాలి ఇంకాస్త తేలిగ్గా నొక్కుకుంటుంది, అదే గుంతని మిషన్ పెద్దదిగా చదువుతుంది. మెనూలో ఎత్తు సవరణ ఉందని మూడేళ్లు వాడినా నేను పట్టించుకోలేదు. 850 అని కొట్టాక 2.01 వచ్చింది, ఎంత హాయి అనిపించిందో!

లైన్లో మొదటివాడు ఆరేళ్ల పిల్లాడు, గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. "చెవి దిబ్బడగా ఉందంటాడు సార్, కాచిన నూనె పోయొచ్చా?" అంది వాళ్లమ్మ. వద్దమ్మా అని చెప్పి ప్రోబ్ పెట్టాను. గ్రాఫ్ బల్లపరుపు, వాల్యూమ్ 0.7. చిల్లు కాదు, నీరులా ఉంది, ఊరెళ్లగానే ఇఎన్‌టి డాక్టరుకి చూపించమన్నాను.

అంకెని ఇంత పొగిడాను గానీ, సీల్ సరిగా పడితేనే, అంటే ప్రోబ్ టిప్ గాలి పోకుండా చెవిని మూస్తేనే, దానికి విలువ. ఏడ్చే పిల్లల్లో మూడు నాలుగు సార్లు పెట్టాల్సి వస్తుంది. థర్మల్ ప్రింటు కొన్ని నెలలకే వెలిసిపోతుంది, ఫోటో తీసి పెట్టుకుంటున్నాను. నాది 226 మాత్రమే ఉన్న మోడల్, ఆరు నెలల్లోపు పసివాళ్లకి 1000 హెర్ట్జ్ కావాలి, వాళ్లని వేరేచోటికి పంపుతున్నాను. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా పెద్దవాళ్లు, బడి పిల్లలు, కాబట్టి సరిపోతోంది. పసిపిల్లలే ఎక్కువగా వచ్చే చోటైతే మాత్రం ఈ మోడల్ కొనమని నేను చెప్పలేను.