బిగ్ ఐలాండ్‌లో రెండు లోమిలోమిలు

మొన్నటిదాకా నాకు లోమిలోమి అంటే ఉప్పేసిన సాల్మన్ చేపలో టమాటా, ఉల్లిపాయ వేసి చేత్తో కలిపే హవాయి వంటకం, అంతే. లోమి అంటేనే పిసకడం, మర్దించడం అట, హవాయి సంప్రదాయ మసాజ్‌నీ లోమిలోమి అనే అంటారు, చేపకైనా నడుముకైనా మాట ఒకటే.

శాన్ హోసే నుంచి హవాయిలోని బిగ్ ఐలాండ్ దీవికి ఆరు రోజులకి వెళ్లాం. మొదటి రెండు రాత్రులు కోహాలా తీరంలో ఓ పెద్ద రిసార్ట్. బీచ్‌కి వంక పెట్టలేం గానీ రిసార్ట్ ఫీజు, పార్కింగ్ అంటూ విడివిడిగా గుంజుతారు. స్పాలో 50 నిమిషాల లోమిలోమికి 230 డాలర్లు, పైన 20 శాతం సర్వీస్ చార్జీ బిల్లులోనే వేసేసి, టిప్పు కోసం మళ్లీ ఇంకో గీత ఖాళీగా వదిలారు! చేసినమ్మాయి చెయ్యి మంచిదే, కాదనను. కానీ మా ఊళ్లో చేయించుకునే మసాజ్‌కీ దీనికీ కొబ్బరినూనె వాసన తప్ప నాకు తేడా తెలియలేదు.

మూడో రోజు కైలువా-కోనాలో వంటగది ఉన్న చిన్న కాండోకి (అద్దె ఫ్లాట్‌కి) మారాం. మా ఆయన శాకాహారి, పప్పన్నం వండుకోగలిగాం, సగం టెన్షన్ అక్కడే పోయింది. కాండో ఆవిడే కెప్టెన్ కుక్ ఊరి వైపు ఇంట్లోనే లోమిలోమి చేసే ఒక పెద్దావిడ దగ్గరికి పంపించింది. 1779లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ చనిపోయిన కెయలకెకువా అఖాతం ఆ కిందే. ఒకప్పుడు కుటుంబాల్లోనే ఉండే ఈ విద్యని బయటివాళ్లకి నేర్పిన మార్గరెట్ మచాడో (2009లో పోయారు) ఉన్నది కూడా ఆ చుట్టుపక్కలే.

గుమ్మం బయట చెప్పులు విప్పాలి, ఆవిడని ఆంటీ అనాలి. హవాయిలో చుట్టరికం లేకపోయినా పెద్దవాళ్లని ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, మనకి నేర్పక్కర్లేదు. నొప్పి ఎక్కడని ఒక్కసారే అడిగారు, ఎప్పటి నుంచి, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది అని మాత్రం తిప్పి తిప్పి అడిగారు. డాలస్‌లో ఉన్న మా అక్కతో ఏడాదిగా మాటల్లేవని చెప్పేశాను, ఎందుకు చెప్పానో నాకే తెలీదు. తర్వాత హవాయి భాషలో ప్రార్థన, దాన్ని పులే అంటారు. వేళ్లతో నొక్కడం తక్కువ, ముంజేతిని చపాతీ కర్రలా భుజం నుంచి తుంటి దాకా ఒకే ఊపులో దొర్లిస్తారు, రెండో చెయ్యి వీపు కిందికి పోనిచ్చి పైకి లేపుతారు. కుడి భుజం దగ్గరికి వచ్చాక ఆగిపోయి, అరచెయ్యి అలాగే ఉంచి, ఏమీ నొక్కకుండా పొడుగ్గా ఊపిరి వదులుతూ ఉండిపోయారు. నిద్రపోయారేమో అనుకున్నా.

హవాయివాళ్ల లెక్కలో ఒళ్లు, మనసు, ఇల్లు వేరువేరు కాదు. బంధంలో ముడి పడితే అది ఒంట్లోనూ పడుతుందంటారు. ఆ ముడి విప్పడానికే హోఒపోనోపోనో: ఇంటిల్లిపాదీ కూర్చుని, పెద్దవాళ్లు నడిపిస్తుంటే ప్రార్థన చేసి, జరిగింది చెప్పుకుని, క్షమాపణ అడిగి వదిలేయడం. మన యూట్యూబ్‌లో తిరిగే ‘ఐ యామ్ సారీ, ఐ లవ్ యూ’ నాలుగు వాక్యాలు, ఒక్కరే మనసులో అనుకునేవి, ఆ తర్వాత వచ్చిన రకం. దాని గురించి అడిగితే ఆంటీ నవ్వి, “నీలో నువ్వే చెప్పుకుంటే మీ అక్కకెలా తెలుస్తుంది?” అన్నారు.

గంటన్నరకి 140 డాలర్లు, క్యాష్. భుజం రెండు రోజులు తేలిగ్గా ఉంది, తిరుగు విమానంలో మళ్లీ పట్టేసింది, కాబట్టి నయమైందని చెప్పను. అయినా మళ్లీ వెళ్తే ఆవిడ దగ్గరికే. హవాయిలో డబ్బు తీసుకుని మసాజ్ చేయాలంటే మామూలుగా రాష్ట్ర లైసెన్స్ ఉండాలి, ఇళ్లలో చేయించుకునేవాళ్లు అది అడిగి చూడండి. ఆవిడది గోడకే ఉంది.

మర్నాడు హోనౌనౌలోని పుఉహొనువా (పాతకాలపు శరణు స్థలం) చూశాం, కారుకి 20 డాలర్లు. పూర్వం కట్టుబాటు తప్పినవాడు ప్రాణాలతో ఆ గోడ లోపలికి చేరితే పూజారి శుద్ధి చేసి ఇంటికి పంపేవాడట. నీడ తక్కువ, నల్ల లావా రాయి కాల్చేస్తుంది, పొద్దున్నే వెళ్లండి. ఆఖరి రెండు రాత్రులు వోల్కనో ఊళ్లో చలికి వణికాం, స్వెటర్ మర్చిపోవద్దు.

వచ్చేటప్పుడు కోనా కాఫీ రెండు ప్యాకెట్లు కొన్నా, ఒకటి అక్కకి. ఇంకా పోస్ట్ చేయలేదు.