పాత స్క్రిప్టు బెడద: వెర్షన్ సంఖ్య మేలా, హ్యాష్ పేరు మేలా?

వెబ్ యాప్‌లో పన్ను లెక్క సరిచేసి కొత్త కోడ్ పెట్టిన మర్నాడు బేగంబజారు దుకాణంలో బిల్లు పాత లెక్కతోనే వస్తే, మాదాపూర్ ఆఫీసు నుంచి ఫోనులో వెళ్ళే సలహా ఒక్కటే: "కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కండి." బ్రౌజర్ ముందే దాచుకున్న పాత స్క్రిప్టును, అంటే పేజీని నడిపే కోడ్ ఫైలును, పక్కనపెట్టి కొత్తది తెచ్చుకునేలా చేసే మీటలవి. ఈ భారం వాడేవారి మీద వేయడం న్యాయం కాదు. ఏ ఫైలును ఎంతకాలం దాచుకోవాలో బ్రౌజర్‌కు చెప్పవలసింది మన సర్వర్ ఫైలుతో పాటు పంపే సూచనలు, అంటే హెడర్లే. అవి చెప్పకపోతే బ్రౌజర్ ఫైలు చివరగా మారిన తేదీని బట్టి తానే ఒక గడువు ఊహించుకుంటుంది.

అన్ని ఫైళ్ళకూ నో-కాష్ అనే సూచన పెట్టడం అన్నిటికన్నా సులువు. బ్రౌజర్ ఫైలును దాచుకుంటుంది గాని, వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ను అడుగుతుంది. ఫైలుకు గుర్తుగా సర్వర్ ఇచ్చే ఈట్యాగ్ మారకపోతే 304, అంటే "మారలేదు" అనే జవాబు వస్తుంది, ఫైలు మళ్ళీ దిగదు. రెండు మూడు స్క్రిప్టులున్న చిన్న సైటుకు ఇది చాలు. ఫైళ్ళు పెరిగితే మాత్రం ఒక్కో ఫైలుకూ ఒక్కో విచారణ చొప్పున, నెట్ నెమ్మదిగా ఉన్నచోట పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

స్క్రిప్టు చిరునామా (యూఆర్‌ఎల్) చివర వెర్షన్ సంఖ్య తగిలించే పద్ధతి చాలామందికి అలవాటే. సంఖ్య మార్చడం మరిచిపోతే పాత స్క్రిప్టే మిగులుతుందన్నది తెలిసిన లోపం. అంతకన్నా చిక్కైనది ఇంకొకటి ఉంది: నాలుగు సర్వర్లను ఒకదాని తర్వాత ఒకటిగా మారుస్తున్నప్పుడు, కొత్త పేజీ అడిగిన కొత్త సంఖ్యకు ఇంకా మారని సర్వర్ పాత ఫైలునే ఇస్తుంది, మధ్యనున్న సీడీఎన్ (ఫైళ్ళ నకళ్ళను దాచి అందించే సర్వర్ల వ్యవస్థ) ఆ పాత ఫైలును కొత్త చిరునామా కిందే భద్రపరుస్తుంది. అక్కడి నుంచి ఎన్నిసార్లు రీలోడ్ చేసినా ఫలితం ఉండదు.

అందుకే నా మొగ్గు హ్యాష్ పేర్ల వైపే. ఫైలులోని కోడ్ నుంచి లెక్కగట్టిన గుర్తు, అంటే హ్యాష్, పేరులో చేరుతుంది కనుక కోడ్ మారితే పేరూ మారుతుంది; వీట్ అనే బిల్డ్ సాధనంలో ఇది డిఫాల్టుగానే జరుగుతుంది. ఆ ఫైళ్ళకు మ్యాక్స్-ఏజ్ హెడర్ సూచనగా 31536000 సెకన్లు, అంటే ఏడాది గడువు, నిశ్చింతగా ఇవ్వవచ్చు. అయితే వాటిని పిలిచే హెచ్‌టీఎంఎల్ పేజీకి తప్పనిసరిగా నో-కాష్ ఉండాలి. పాత పేర్ల ఫైళ్ళను వెంటనే తొలగించకూడదు కూడా: ఉదయం నుంచి తెరిచి ఉన్న ట్యాబ్ సాయంత్రం ఏదో భాగం కోసం వాటినే అడిగితే 404, అంటే "ఫైలు లేదు" అనే జవాబు వస్తుంది.

అలా తెరిచి ఉన్న ట్యాబ్‌ను కొత్త కోడ్‌కు మార్చడం ఏ కాష్ పద్ధతి వల్లా కాదు. దానికి తాజా వెర్షన్ సంఖ్య ఉన్న ఒక విడి ఫైలును పేజీ అప్పుడప్పుడు చదివి, "కొత్త వెర్షన్ వచ్చింది" అని చూపాలి. రీలోడ్ మాత్రం వాడేవారు నొక్కినప్పుడే జరగాలి, లేకపోతే సగం నింపిన ఫారం పోతుంది.